తలల మీది చరిత్ర–7: తలను కాయని శిరస్త్రాణం

గత సంచికలో నెపోలియన్ యుద్ధాల నాటి షాకో గురించి చెప్పుకున్నాం. నిలువుగా లేచిన ఆ గొట్టం టోపీ సైనికుణ్ణి జానెడు పొడుగు చేసి చూపించింది. వానొస్తే తడిసి బరువెక్కేది, గాలొస్తే తలను పక్కకు లాగేది. వాటర్లూ ముగిసి పాతికేళ్లు గడిచినా ఐరోపా సైన్యాలు దాన్ని వదల్లేదు. ప్రష్యా రాజ్యం దాన్ని పక్కన పెట్టి నెత్తికెత్తుకున్న కొత్త టోపీయే ఈ వారం మన కథానాయకుడు.

జర్మన్లు దాన్ని పికెల్‌హౌబె అంటారు. మనం ములుకు టోపీ అనుకుందాం. నల్లగా నిగనిగలాడే తోలు డిప్ప, నుదుటి మీద రెక్కలు చాచిన ఇత్తడి గద్ద, నడినెత్తిన పైకి పొడుచుకొచ్చిన ములుకు. మొదటి ప్రపంచ యుద్ధం సినిమాల్లోనో, పాత కార్టూన్లలోనో దీన్ని చూసే ఉంటారు. 19వ శతాబ్దపు సైనిక టోపీలు సేకరించేవాళ్లలో దీని వెంటపడేవాళ్లు చాలామంది. అందానికే అయితే దీనికన్నా అందమైనవి బోలెడున్నాయి. ఈ టోపీ మీద దండగ భాగం ఒక్కటీ లేదు. ఏ రాజ్యం, ఏ దళం, ఏ హోదా, ఏ కాలం అన్న నాలుగు ప్రశ్నలకూ జవాబు దాని ఒంటి మీదే ఉంటుంది. ఆ జవాబులు చదవడం ఎలాగో, ఈ టోపీలు మన కాలం దాకా ఎవరి చేతులు మారి వచ్చాయో ఈ వారం చూద్దాం.

రాజుగారి ముచ్చట

1840లో ప్రష్యా గద్దెనెక్కిన నాలుగో ఫ్రెడరిక్ విలియంకు మధ్యయుగాలంటే మహా మోజు. కోటలు, గోథిక్ చర్చిలు, కవచాలు తొడిగిన వీరుల కథలు ఆయన మనసు నిండా ఉండేవి. కొలోన్ నగరంలో శతాబ్దాలుగా సగంలో ఆగిపోయిన మహా చర్చి కట్టడాన్ని 1842 సెప్టెంబర్‌లో మళ్లీ మొదలుపెట్టించింది ఆయనే. మరుసటి నెల, అక్టోబర్ 23న, సైన్యానికి కొత్త వేషం ఖరారు చేశాడు. వెనక తోకలు వేలాడే పాత కోటు పోయి తొడల దాకా వచ్చే పొడవాటి అంగీ వచ్చింది. షాకో పోయి ములుకు టోపీ వచ్చింది.

ఈ ఆలోచన అసలు రష్యా చక్రవర్తి మొదటి నికొలాస్‌దనీ, ఆయన బల్ల మీద ఉన్న నమూనాను చూసి ప్రష్యా రాజు ముచ్చటపడి వెనక్కొచ్చి తన సైన్యానికి పెట్టించాడనీ ఒక కథ చాలాకాలంగా ప్రచారంలో ఉంది. కథ నిజమైనా కాకపోయినా, రష్యా సైన్యం దాన్ని అధికారికంగా తీసుకున్నది 1844లో, అంటే ప్రష్యా తర్వాతే.

ములుకు ఎందుకు? కత్తి దెబ్బ నడినెత్తిన పడితే పక్కకు జారిపోవడానికని ఒక సమాధానం. గట్టి తోలు, ములుకు కింద శిలువ ఆకారంలో పరిచిన ఇత్తడి పట్టీ ఆ దెబ్బకు కొంత అడ్డుపడతాయి. ములుకు మెడలోని చిన్న రంధ్రాలు గాలి ఆడటానికి. కానీ 1842 నాటికి యుద్ధాలను తేలుస్తున్నవి తుపాకులూ ఫిరంగులే. ఆ గుండ్ల ముందు తోలు డిప్ప ఏపాటిది? టోపీ చేసిన అసలు పని వేరు. అది సైనికుణ్ణి ఎత్తుగా చూపింది, రాజుగారి కలలోని పాతకాలపు వీరుడిలా నిలబెట్టింది, వాడు ఎవరి మనిషో దూరం నుంచే చెప్పింది.

అప్పటికే పారిస్‌లో ప్రవాసం ఉంటున్న కవి హైన్‌రిష్ హైనె 1843లో స్వదేశం వెళ్లి ఈ కొత్త టోపీలు చూశాడు. మరుసటి ఏడు అచ్చైన ‘జర్మనీ: ఒక శీతకాలపు కథ’ అనే దీర్ఘకవితలో వాటిని మెచ్చుకుంటున్నట్టే మెచ్చుకుంటూ వెక్కిరించాడు. గాలివాన వస్తే ఆ ములుకు పిడుగును నెత్తిమీదికి పిలుచుకుంటుందేమోనన్నది ఆయన వ్యంగ్యం. నాలుగేళ్లు తిరిగేసరికి గాలివాన రానే వచ్చింది. 1848 మార్చిలో బెర్లిన్ వీధుల్లో జనం అడ్డుగోడలు కట్టి సైన్యంతో తలపడ్డారు. చనిపోయినవాళ్ల శవాలను మోసుకుంటూ రాజభవనం ముందుకొచ్చి, రాజు టోపీ తీయాలని పట్టుబట్టారు. సైన్యానికి టోపీలు ఎంచి పెట్టిన ఆ రాజు బయటికొచ్చి తన టోపీ తీసి తలవంచాడు.

టోపీని చదవడం

1842 నాటి మొదటి నమూనా ఎత్తు ములుకుతో కలిపి అడుగు పైనే. ముందు చూరు చదరంగా ఉండేది. తలమీద నిలవడం కష్టమని సైనికులు గొణిగారు. 1857, 1860, 1867, 1871, 1887, 1895, ఇలా నమూనా మారినప్పుడల్లా ఎక్కడో ఒకచోట మార్పు కనిపిస్తుంది. డిప్ప పొట్టిదైంది, చూరు గుండ్రమైంది, ములుకు కురచైంది. శిలువ పట్టీ స్థానంలో గుండ్రటి పీట వచ్చింది. వెనక వెన్నెముకలా దిగే ఇత్తడి పట్టీని 1867లో తీసేసి, 1871లో మళ్లీ పెట్టారు. అనుభవమున్న సేకరణదారు చేతికి టోపీ ఇస్తే ముందు చూసేవి ఇవే. ఫలానా యుద్ధంలో వాడిన టోపీ అని అమ్మేవాడు చెప్పే కథ వినేలోపే, ఆ యుద్ధం నాటికి ఇలాంటి టోపీ పుట్టిందో లేదో ఆయనకు తెలిసిపోతుంది.

తర్వాత చూసేది నుదుటి ఫలకం. గద్ద ఉంటే ప్రష్యా. దాని రెక్కలకు అడ్డంగా ‘దేవుడి తోడుగా, రాజు కోసం, స్వదేశం కోసం’ అనే అర్థమిచ్చే జర్మన్ నినాదం ఉంటుంది. రెండు సింహాలు రాజచిహ్నాన్ని పట్టుకుని ఉంటే బవేరియా. గ్రిఫిన్, అంటే గద్ద తల, సింహం ఒడలు ఉన్న జంతువు కనబడితే బాడెన్. ఆకుల దండలో ఒంటరి సింహం ఉంటే హెస్సె. కిరణాలు చిమ్మే నక్షత్రం మీద రాజచిహ్నం ఉంటే సాక్సనీ. 1871లో జర్మనీ ఒక్క సామ్రాజ్యమైందని చరిత్ర పుస్తకాలు చెబుతాయి గానీ, ఆ సామ్రాజ్యం లోపల ఎన్ని రాజ్యాలు తమ గుర్తును వదులుకోకుండా కాపాడుకున్నాయో ఈ ఫలకాలను వరసగా పేర్చి చూస్తే తెలుస్తుంది. కావలి దళమైతే గద్ద గుండెల మీద నక్షత్రం. ఇళ్లూ వాకిళ్లూ వదిలి మళ్లీ పిలుపందుకున్న వయసు మళ్లిన రిజర్వు సైనికుడైతే గద్ద మీద చిన్న శిలువ. ఫిరంగి దళానికి 1846 నుంచి ములుకు బదులు గుండ్రటి బంతి.

కొన్ని ఫలకాల మీద అదనంగా ఒక పేరు కనిపిస్తుంది. హనోవర్ ప్రాంతపు కొన్ని రెజిమెంట్ల టోపీల మీద ‘వాటర్లూ’, ‘పెనిన్సులా’ అని ఉంటుంది. హనోవర్ పాలకుడే ఇంగ్లండ్ రాజుగా ఉన్న కాలంలో ఆ ప్రాంతపు సైనికులు బ్రిటిషువాళ్ల పక్కన నిలబడి నెపోలియన్ మీద పోరాడారు. 1866లో ప్రష్యా హనోవర్‌ను కలిపేసుకుంది. 1899లో కైజర్ రెండో విలియం ఆ పాత గౌరవాలను కొత్త రెజిమెంట్లకు ధారాదత్తం చేశాడు. 1914లో ఆ సైనికులు బ్రిటిషు సైన్యం మీదికి వెళ్లినప్పుడు వాళ్ల నుదుళ్ల మీద ఉన్నది బ్రిటిషువాళ్లతో కలిసి గెలిచిన యుద్ధం పేరే.

గడ్డం పట్టీ రెండు చివర్లా రంగుల బిళ్లలుంటాయి. 1897 దాకా సైనికుడి సొంత రాజ్యపు రంగుల బిళ్ల ఒక్కటే ఉండేది. ఆ ఏడాది నుంచి కుడివైపున సామ్రాజ్యపు నలుపు, తెలుపు, ఎరుపు బిళ్ల చేరింది, రాజ్యపు బిళ్ల ఎడమవైపున ఉంది. కాబట్టి రెండు బిళ్లలతో కనిపించే టోపీ 1870లో ఫ్రాన్స్‌తో జరిగిన యుద్ధంలో ఉన్నదని ఎవరైనా అంటే రెండు సంగతుల్లో ఒకటి నిజం. ఆ బిళ్ల తర్వాత తగిలించారు, లేదా ఆ కథ తర్వాత అల్లారు.

గెలిచినవాడి టోపీ

ఈ టోపీ తలను కాపాడలేదు గానీ, దాన్ని పెట్టుకున్నవాళ్లు గెలుస్తూ పోయారు. 1864లో డెన్మార్క్ మీద, 1866 జులై 3న కోనిగ్‌గ్రాట్జ్ దగ్గర ఆస్ట్రియా మీద, 1870 సెప్టెంబర్‌లో సెడాన్ దగ్గర ఫ్రాన్స్ మీద గెలిచారు. సెడాన్‌లో ఫ్రెంచి చక్రవర్తి మూడో నెపోలియనే బందీగా చిక్కాడు. ఈ గెలుపులకు దన్నుగా వెనక నుంచి తూటా నింపే తుపాకులున్నాయి, ఉక్కు ఫిరంగులున్నాయి, రైళ్లున్నాయి, యుద్ధానికి ముందే లెక్కలు వేసి పెట్టుకున్న సేనాధిపతి మోల్ట్‌కె ఉన్నాడు. వాటిని తెచ్చుకోవడానికి ఖర్చు, కాలం కావాలి. టోపీ తెచ్చుకోవడం తేలిక. అందుకే చాలా దేశాలు ముందు టోపీ తెచ్చుకున్నాయి.

అంతకుముందు ఫ్రాన్స్ పోకడలను అనుకరించిన సైన్యాలు కొన్ని ఇప్పుడు బెర్లిన్ వైపు చూశాయి. అమెరికా సైన్యం 1872లో అశ్వదళానికి, 1881లో మిగతా దళాలకు ఇలాంటి కవాతు టోపీ ఇచ్చింది. బ్రిటన్ 1878లో తన పదాతి దళాలకు నీలం గుడ్డ చుట్టిన బెరడు టోపీ మీద ములుకు నిలబెట్టింది. చిలీ 1885లో ఎమిల్ కోర్నర్ అనే జర్మన్ అధికారిని రప్పించి సైన్యాన్నే ప్రష్యా పద్ధతిలో మలచుకుంది. చిలీ సైనిక విద్యాలయ విద్యార్థులు నేటికీ కవాతుల్లో ములుకు టోపీలు పెట్టుకుంటారు. స్వీడన్ రాజభటులదీ అదే తీరు.

జర్మనీ లోపలే మొరాయించిన రాజ్యం ఒకటుంది. బవేరియా రాజు రెండో లుడ్విగ్ ఉన్నంతకాలం నెత్తిమీద ముందు నుంచి వెనక్కి గొంగళిపురుగులాంటి కుచ్చు పరుచుకున్న తమ పాత టోపీనే ఆయన సైనికులు పెట్టుకున్నారు. 1886 జూన్‌లో ఆయన చనిపోయాకే బవేరియా నెత్తి మీదికి ములుకు ఎక్కింది. బవేరియా సేకరణల్లో గొంగళిపురుగు టోపీలకు ఉన్న గౌరవం అందుకే వేరు.

మన ఎండల్లో పనిచేసే బ్రిటిషు పటాలాలకు తోలు టోపీ గానీ దళసరి గుడ్డ టోపీ గానీ పనికిరాలేదు. మన చెరువుల్లో పెరిగే జీలుగు బెండును పొరలు పొరలుగా అతికి, పైన తెల్లగుడ్డ కుట్టి చేసిన తేలికపాటి టోపీలు ఇక్కడ వాడుకలోకి వచ్చాయి. వాటికీ కవాతు రోజున నెత్తిన ములుకు బిగించుకునే ఏర్పాటు ఉండేది. బెర్లిన్ వేషం బెండు మీద కూడా కూర్చుంది.

చవకైనదే అరుదు

సేకరణలోకి కొత్తగా వచ్చినవాళ్లు అధికారుల టోపీల వెంట పడతారు. మెరుపు అంతా అక్కడే ఉంది మరి. ఇత్తడికి బంగారు పూత, గాళ్లు తీసిన సన్నని ములుకు, దాని మెడ చుట్టూ ముత్యాల వరస లాంటి అంచు, పీట మీద నక్షత్రాకారపు మేకులు, లోపల పట్టు అస్తరు. అధికారి తన టోపీని సొంత డబ్బుతో కొనుక్కునేవాడు. కొలువు మానాక అది ఇంటికే వెళ్లేది. మనవలు దాన్ని అపురూపంగా పెట్టెలో దాచేవారు. అందుకే అధికారుల టోపీలు ఎన్నో నిలిచాయి.

సాధారణ సైనికుడి టోపీ ప్రభుత్వపు సొత్తు. వాడు ఇంటికెళ్తూ దాన్ని గిడ్డంగిలో అప్పజెప్పి వెళ్లాలి. అది మరుసటి ఏడు వచ్చిన కుర్రాడి నెత్తికెక్కేది. కొత్త నమూనా వస్తే పాతదాన్ని పారేసేవారు కాదు. ఎత్తు కోసి పొట్టి చేసి, కొత్త ఫలకం బిగించి మళ్లీ వాడేవారు. పూర్తిగా పాడైతే ఇత్తడి విప్పుకుని తోలు పారేసేవారు. ఒకప్పుడు ఎన్నో వేల తలల మీద ఉన్న 1842 నాటి సైనికుడి టోపీ, ఏ మార్పూ లేకుండా ఇప్పుడు దొరకడం అదృష్టం. లోపలి తోలు నాలుకలు చిరిగి, చెమట మరకలు పట్టిన మామూలు టోపీ ముందు అనుభవజ్ఞుడు ఆగి, పక్కన మెరిసే అధికారి టోపీని దాటి వెళ్లిపోవడానికి కారణం ఇదే.

సైనికుడి టోపీలో మరో నిధి వెనక చూరు లోపలి వైపు దాగి ఉంటుంది. రెజిమెంటు సంఖ్య, బెటాలియన్, కంపెనీ, ఇచ్చిన ఏడాది ముద్రలు అక్కడ తోలులో అచ్చు గుద్ది ఉంటాయి. ఒకే టోపీ మీద రెండు మూడు రెజిమెంట్ల ముద్రలు, పాతవాటిని కొట్టేసి కొత్తవి వేసిన గుర్తులు కూడా కనిపిస్తాయి. అధికారి టోపీలో ఇలాంటి ముద్రలుండవు, మహా అయితే అమ్మిన దుకాణం పేరు ఉంటుంది. ఏ దళం ఏ ఏడు ఏ పరికరం వాడిందో చెప్పే ఆధారం కావాలంటే మామూలు సిపాయి టోపీనే అడగాలి.

ములుకు విరిగిన కాలం

1914 ఆగస్టులో జర్మన్ సైన్యం ఇదే తోలు టోపీతో బెల్జియంలోకి నడిచింది. ఇత్తడి మెరుపు శత్రువుకు కనబడకుండా దానిమీద గుడ్డ తొడుగు వేశారు. ఆ తొడుగులు 1892 నుంచే ఉన్నాయి. ముందు భాగంలో ఎర్రగా ఉండే రెజిమెంటు సంఖ్యను ఈ యుద్ధంలో ఆకుపచ్చకు మార్చారు. కానీ తొడుగు వేసినా ములుకు ములుకే. కందకం గట్టు మీదుగా అది పైకి కనిపిస్తే చాలు, కింద తల ఎక్కడుందో అవతలివాడికి తెలిసిపోయేది.

ఇంతలో తోలు కరువు వచ్చింది. జర్మనీకి దక్షిణ అమెరికా నుంచి వచ్చే తోళ్లను బ్రిటిషు నౌకాదళ దిగ్బంధం ఆపేసింది. టోపీలు ఉన్నితో, రేకుతో, బెరడుతో, అణచిన కాగితపు గుజ్జుతో కూడా తయారయ్యాయి. 1915 నమూనాలో ఇత్తడి పోయి బూడిదరంగు ఉక్కు వచ్చింది. యుద్ధరంగంలో తిప్పి ఊడదీసి పక్కన పెట్టుకునేలా ములుకును మార్చారు. ఈ కరువు టోపీలు ఇవాళ సేకరణలో ఒక ప్రత్యేక శాఖ. నాసిరకం సామగ్రితో చేసినవి కాబట్టి చాలావరకు నశించాయి. మిగిలిన కొద్దివీ దిగ్బంధం ఎంత గట్టిగా బిగిసిందో చేతికి తగిలేలా చెబుతాయి.

చివరికి ఫిరంగి గుండ్ల పెంకులు లెక్క తేల్చాయి. తలకు తగిలిన చిన్న పెంకు కూడా తోలును చీల్చుకుని ప్రాణం తీస్తోందని యుద్ధరంగపు వైద్యులు గమనించారు. హనోవర్ సాంకేతిక విద్యాలయంలోని ఫ్రెడరిక్ ష్వెర్డ్ రూపొందించిన ఉక్కు శిరస్త్రాణం 1916లో వెర్దున్ పోరులో ముందు వరస దళాలకు చేరింది. డెబ్బయి నాలుగేళ్ల తర్వాత జర్మన్ సైనికుడి నెత్తిమీదికి తలను కాపాడటానికే చేసిన టోపీ వచ్చింది.

ములుకు మాత్రం కొత్త ఉద్యోగం చూసుకుంది. 1917లో అమెరికా సైన్యంలోకి యువకులను పిలుస్తూ వేసిన ఒక పోస్టరులో, ఒడిలో స్త్రీని పట్టుకుని సముద్రపు ఒడ్డున నిలబడ్డ గొరిల్లా నెత్తిన ఈ టోపీయే ఉంటుంది. దానిమీద ‘మిలిటరిజం’ అని రాసి ఉంటుంది. ఒకప్పుడు లోకమంతా అనుకరించిన వేషం ఇప్పుడు శత్రువు మొహానికి తగిలించే గుర్తైంది.

యుద్ధం ముగిశాక గిడ్డంగుల్లో దొరికిన టోపీలు పెద్ద సంఖ్యలో ఓడలెక్కి అమెరికా చేరాయి. 1919లో విజయ రుణపత్రాల అమ్మకం ప్రచారానికి వాటిని వాడుకున్నారు. న్యూయార్క్‌లో గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ దగ్గర దాదాపు 12,000 టోపీలను గోపురంగా పేర్చి, దాని శిఖరాన విజయదేవత విగ్రహం నిలబెట్టారు. ఆ ఫొటోలు ఇవాళ్టికీ ఉన్నాయి. ప్రచారం ముగిశాక టోపీలు బహుమతులుగా పంచిపెట్టారు. ఐరోపా నుంచి తిరిగొచ్చిన సైనికులు తెచ్చుకున్నవి వీటికి అదనం. అమెరికా పల్లెల అటకల మీద ఇవాళ్టికీ ప్రష్యా టోపీలు బయటపడటానికి మూలం ఇక్కడుంది.

సేకరణదారు ఎప్పుడూ గుర్తుపెట్టుకోవాల్సిన పాఠం కూడా ఇదే. మన కళ్ల ముందుకొచ్చే వంద టోపీల్లో యుద్ధకాలపువే ఎక్కువ కనిపిస్తే, సైన్యం అవే ఎక్కువ వాడిందని కాదు. ఓడినవాడి గిడ్డంగి గెలిచినవాడి చేతిలో పడింది కాబట్టి అవి మిగిలాయి. 1842 టోపీలు ఏ విజేత చేతికీ మూటగా చిక్కలేదు కాబట్టి అరిగి అంతరించాయి. అద్దాల బీరువాలో ఏముందన్నది సైన్యం ఒక్కటే తేల్చలేదు. దోపిడీ, పొదుపు, అదృష్టం కూడా కలిసి తేల్చాయి.

మసిబూసిన మారేడుకాయలు

గిరాకీ ఉన్నచోట నకిలీ ఉంటుంది. ములుకు టోపీ నకళ్లు చాలాకాలంగా తయారవుతున్నాయి. వాటిలో చెప్పుకోదగ్గ భాగం మన ఉత్తర భారతపు వర్క్‌షాపుల్లో పుడుతోంది. నాటకాలకు, సినిమాలకు, పాత యుద్ధాలను మళ్లీ ఆడి చూపించే బృందాలకు నకలుగానే అమ్మితే తప్పేమీ లేదు. నాలుగు చేతులు మారాక, కాస్త మట్టి, కాస్త ఆమ్లం పూసుకుని అసలుగా అవతరించినప్పుడే గొడవ.

అచ్చంగా నకిలీని పట్టుకోవడం అంత కష్టం కాదు. కొత్త తోలు బరువుగా, మందంగా ఉంటుంది. కుట్లు సమంగా ఉండవు. గద్ద ఈకలు మొద్దుగా కనిపిస్తాయి. అసలు కష్టం కలగాపులగపు టోపీతో. డిప్ప అసలుదే, ఫలకం అసలుదే, ములుకు అసలుదే, కానీ మూడూ ఒకే తలమీద ఎప్పుడూ లేవు. నాలుగు విరిగిన టోపీల నుంచి ఒక అందమైన టోపీ తయారు చేసి, అరుదైన రాజ్యపు ఫలకం తగిలిస్తే ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది.

దీన్ని పట్టిచ్చేవి రంధ్రాలు. రాజ్యాన్ని బట్టి ఫలకం వెనక కొక్కేలు పెట్టే చోటు, వాటి మధ్య దూరం మారతాయి. టోపీ లోపలి అస్తరును నెమ్మదిగా పక్కకు తీసి చూస్తే, వాడని రంధ్రం ఏదైనా ఉందేమో తెలుస్తుంది. ఉంటే ఆ ఫలకం పుట్టినింటిది కాదు. రెండోది నీడ. శతాబ్దం పైగా ఒకే ఫలకం ఉన్నచోట కింది నల్ల వార్నీషు వెలుతురు తగలక కొత్తగా ఉంటుంది, దాని చుట్టూ ఫలకపు అంచు గీతలా పడి ఉంటుంది. గద్ద కింద సింహం నీడ కనిపిస్తే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. అయితే రెండో రంధ్రం ఉన్న ప్రతిదీ మోసం కాదు. సైన్యమే తిరిగి వాడినప్పుడు కొత్త రంధ్రాలు పొడిచేది. అప్పుడు వెనక చూరు ముద్రలు ఆ మార్పుకు సాక్ష్యం చెప్పాలి.

కొత్తవాళ్లు పప్పులో కాలేసే చోటు మరొకటుంది. జర్మనీలో పోలీసులు, అగ్నిమాపక దళాలు కూడా ఇలాంటి ములుకు టోపీలే పెట్టుకున్నారు. అవీ పాతవే, అసలువే, తమ వరకు విలువైనవే. వాటిని యుద్ధరంగపు టోపీలుగా అమ్మడం మాత్రం మోసం.

తళతళ తెచ్చే తంటా

ఇంత పాత టోపీకి పెద్ద శత్రువు యజమాని ఉత్సాహం. ఇత్తడి మాసిందని పాలిషు పట్టి రుద్దితే అధికారి ఫలకం మీది సన్నని బంగారు పూత గుడ్డకు అంటుకుని పోతుంది. తోలు ఎండిందని నూనె రాస్తే అది వార్నీషు కిందికి దిగి పొరను లేపేస్తుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, బాగుచేయబోయి చెడగొట్టిన టోపీలే పాడైన టోపీల్లో ఎక్కువ.

చేయాల్సింది చాలా తక్కువ. మెత్తటి కుంచెతో దుమ్ము దులపాలి. లోపల ఆమ్లం లేని కాగితం ఉండలు చుట్టి పెడితే తోలు కుంగదు. గడ్డం పట్టీతో ఎప్పుడూ వేలాడదీయకూడదు. ఎండ తగిలేచోట, మరీ పొడిగాలి వచ్చేచోట ఉంచితే తోలు కుంచించుకుని చూరు కుట్లు తెగిపోతాయి. మన కోస్తాలోలా తేమ ఎక్కువైతే బూజు పడుతుంది. గుర్రపు వెంట్రుకల కుచ్చులు, ఉన్ని భాగాలు ఉంటే పురుగు పట్టకుండా తరచూ చూసుకోవాలి. చినిగిన కుట్టును మళ్లీ కుట్టించడం కంటే చినిగినట్టే వదిలేసి ఫొటో తీసి పెట్టుకోవడమే చాలాసార్లు మేలు. వస్తువుతోబాటు అది ఎక్కడ, ఎవరి దగ్గర, ఎప్పుడు దొరికిందో ఒక కాగితం మీద రాసి ఉంచాలి. ఆ కాగితం లేని టోపీ సగం నోరు కోల్పోయినట్టే.

ఈ టోపీలను తనివితీరా చూడాలనుకునేవాళ్లకు బవేరియాలోని ఇంగోల్‌స్టాట్ సైనిక మ్యూజియం, డ్రెస్డెన్ సైనిక చరిత్ర మ్యూజియం మంచి చోట్లు. జర్మనీలో ఉంటున్న మన తెలుగువాళ్లు ఒక సెలవురోజు వాటికి కేటాయించవచ్చు. ములుకు టోపీల పక్కనే ఉక్కు శిరస్త్రాణాన్ని చూస్తే, రాజు మెప్పు కోసం చేసినదానికీ సైనికుడి ప్రాణం కోసం చేసినదానికీ తేడా ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

ఇక మన ఇళ్లలోని వస్తువుల గురించి ఒక మాట. తాతముత్తాతలు పటాలంలో పనిచేసిన ఇళ్లు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. ట్రంకుపెట్టె అడుగున తలపాగా బిళ్లో, బెండు టోపీయో, పటాలం పేరున్న ఇత్తడి గుర్తో ఉంటే పాత సామాన్లవాడికి తూకానికి వేయకండి. తోమకండి. ఫొటో తీసి, పెద్దవాళ్లకు గుర్తున్న వివరాలు రాసి పెట్టండి. అది వందేళ్లు దాటినదైతే 1972 నాటి పురావస్తువుల చట్టం పరిధిలోకి వచ్చే అవకాశం ఉంది. అలాంటి వస్తువును ప్రభుత్వ అనుమతి లేకుండా దేశం దాటించడం నేరం.

వచ్చే వారం మన గడ్డ మీదికే వస్తున్నాం. 1805 నవంబర్‌లో మద్రాసు సైన్యపు సిపాయిలకు కొత్త రకం తలపాగా ఒకటి ఖరారైంది. దానికి తోలు కుచ్చు ఉంది, చూపులకు అది దొరల టోపీలా ఉంది. ఎనిమిది నెలలు తిరక్కముందే, 1806 జులై 10 తెల్లవారుజామున వెల్లూరు కోట రక్తంతో తడిసింది. ఆ అలజడి హైదరాబాద్‌లోని కంపెనీ పటాలాల దాకా పాకింది. ఒక తలపాగా గవర్నరు పదవిని ఎలా ఊడగొట్టిందో వచ్చే సంచికలో చదవండి.

(సశేషం)